గాలిచే చల్లబడు మోటారు యింజను - తగిన ప్లగ్గుల యెంపిక

 

ఈ సాయంకాలము నేను మాటాడబూనిన విషయము మిక్కిలి చిన్నది. చిటికెనవ్రేలికన్న కొంచెము పొడవైనది, గుప్పిట మూసిన కనబడనిది. మోటారు యింజనులో నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గును గూర్చి చెప్పబోవుచున్నాను. “ప్లగ్గును గూర్చి చెప్పుట కేమున్నది? చెడినచో మార్చుకొందుము గదా” అని మీలో కొంద ఱనుకొనవచ్చును. నేనును చాలకాల మట్లే యనుకొంటిని. అందువలన మా బావగారి ప్రాణముమీదికి వచ్చినది. ఆ సంగతియు, దానివలన నేను తెలిసికొన్నదియు మీకు మనవిచేసెదను.

నేను బోధనునకు ఆనుకొనియున్న శక్కర్‌నగరులో, 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ యంత్రశాలయందు చాల సంవత్సరములు పనిచేసి విశ్రాంతి పొందినవాడను. 1931లో నిజాంసాగరము పూర్తియై మంజీర నీరు కాలువలకెక్కినది. నీటి వెంట చెఱకు, చెఱకు వెంట ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వెంట రైలును లారీలును మా ప్రాంతమునకు వచ్చినవి. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. ఇప్పటికిని తెల్లవాఱుజామున మెలకువ వచ్చినప్పుడు ఆ కూత వినబడునేమోయని చెవియొగ్గుట నాకు మానలేదు. అది వేఱు మాట.

1986లో హైదరాబాదునందు ఒక వైద్యునియొద్ద పాత కారు నొకదానిని కొంటిని. అది 1967 నాటి ఫోక్స్‌వాగన్ బీటిలు. మా వాడలోని పిల్లలు దానిని తాబేలుబండి యనెడివారు. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన చేసిన యీ బండి 1938 మొదలుకొని 2003లో మెక్సికో దేశమున కడపటిది తయారగువఱకు 2 కోట్ల 15 లక్షలకు మించి తయారైనది. దీని యింజను వెనుకభాగమున నుండును. నీటితొట్టి లేదు, గొట్టములు లేవు. ఒక పెద్ద పంకా గాలిని లాగి, రేకుల దారిగుండ సిలిండర్లపైకి తోయును. సిలిండర్ల చుట్టును గల రెక్కలమీదుగా ఆ గాలి పోవుచు వేడిని గొనిపోవును. నీరు లేనిచోట నీరు మరగిపోవునను భయము లేదు గదాయని నేను దానిని మెచ్చి కొంటిని.

ఇక జరిగిన సంగతి. 2009వ సంవత్సరము జనవరి మాసము. చెఱకు క్రషింగు ముమ్మరముగా సాగుచున్న దినములు. దానికి పదిదినముల ముందు నేను కారునకు నాలుగు క్రొత్త ప్లగ్గులు వేసియుంటిని. పాతవాని పెట్టెమీద “డబ్ల్యు 8 ఏసి” అని యుండెను. అవి బజారులో దొరకలేదు. ఒక దుకాణమున వేఱొక కంపెనీవి చూపిరి. వానిమీద “బి 8 హెచ్‌ఎస్” అని యున్నది. మఱ సరిపోయినది, పొడవు సరిపోయినది, రెంటిమీదను అంకె 8. ఇంకేమి కావలయునని బిగించితిని. ఉదయమున స్టార్టగుటకు కొంచెము మొఱాయించుచుండెను. చలికాలము గదాయని సరిపెట్టుకొంటిని.

ఆ దినమున తెల్లవాఱకముందే అక్కయ్య యింటినుండి కబురు వచ్చినది. బావగారికి రొమ్మున నొప్పి, చెమటలు. ఇరువురిని వెనుకసీటున కూర్చుండబెట్టుకొని నిజామాబాదునకు బయలుదేఱితిని. దూరము పాతిక కిలోమీటర్లకు కొంచె మెక్కువ. చెఱకు దించి తిరిగిపోవు ఎడ్లబండ్లు ముందు, చెఱకు నింపుకొని వచ్చు ట్రాక్టర్లు ఎదురు. మంచు. మనిషి నడకతో సమానముగా మా బండి నడిచినది. ఎడపల్లి దాటితిమి. జానకంపేట సమీపించునప్పటికి యింజను దగ్గినట్లు చప్పుడుచేసి, ఒక సిలిండరు విడిచి, రెండవది విడిచి, ఆగిపోయెను. ఎంత త్రిప్పినను కదలలేదు.

“ఏమైంది తమ్ముడా, బండెందుకు ఆగింది?” అని అక్కయ్య యడిగెను.

“తొందరపడకు బామ్మర్దీ, నాకు మంచిగనే ఉన్నది” అని బావగారు అబద్ధమాడిరి. అద్దములో వారి ముఖము నాకు కనబడుచునే యున్నది.

దైవవశమున ఒక జీపు వచ్చినది. అందులోని వారు మమ్ము ముగ్గురిని ఎక్కించుకొని వైద్యశాలకు చేర్చిరి. వైద్యుడు మందు పోసిన పిమ్మట, “నొప్పి మొదలై ఎంతసేపయినది? ఇంత ఆలస్య మెందుకైనది?” అని యడిగెను. నేను తలవంచుకొంటిని. బావగారు బ్రతికి, ఆ తరువాత ఇంకను తొమ్మిదేండ్లు మాతో నుండిరి. కాని ఆ ప్రశ్నకు జవాబు నేను వెదకక తప్పలేదు.

మఱునాడు నిజామాబాదునుండి ఒక వృద్ధుడైన మిస్త్రీని కారున్నచోటికి తోడ్కొని పోయితిని. ఆయనను అందఱును ఉస్తాదనియే పిలుతురు. ఆయన నాలుగు ప్లగ్గులు విప్పి తెల్లని గుడ్డపై వరుసగా పెట్టెను. నాలుగును కాటుకవలె నల్లగా, మసితో నిండియున్నవి.

“సారూ, ఇవి ఎవరు వేసిండ్రు?”

“నేనే వేసిన ఉస్తాద్. ఎనిమిది తీసి ఎనిమిదే వేసిన గదా!”

“నంబరు చూసిండ్రు గని కంపెనీ చూసిండ్రా? సేరు వేరే, కిలో వేరే. రెంటి మీద ఎనిమిదని రాస్తే ఒక్కటే తూకమైతదా?”

యంత్రములనడుమ నలువదేండ్లు గడపినవాడను. చెఱకు మిల్లు రోలర్ల సందు నూలుపోగంత తేడాలేకుండ సరిచేయించినవాడను. ఆ రోడ్డుప్రక్కన గుడ్డమీది నాలుగు ప్లగ్గుల యెదుట నాకు నోట మాట రాలేదు.

ఆ సేరు, కిలోల భేద మేమో చెప్పెదను. ప్లగ్గు నడుమ ఒక లోహపు కడ్డీ యున్నది. దానిచుట్టును తెల్లని పింగాణి. దాని బయట మఱ తిప్పిన ఇనుప కవచము. కవచమునుండి ఒక కొక్కెము వంగి కడ్డీకి ఎదురుగా నిలుచును. ఆ రెంటి సందున పదివేల వోల్టులకు మించిన విద్యుత్తు దూకి రవ్వయగును. ఆ రవ్వతో పెట్రోలు ఆవిరి అంటుకొనును. ఈ విధమైన హైవోల్టేజి పద్ధతిని జర్మనీలోని బాష్ కంపెనీలో గోట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీయరు 1902లో నెలకొల్పెను. ఆ కంపెనీయే బెంగుళూరునందు మైకో యను పేర మన దేశమున తయారీ ప్రారంభించెను. మీ పాత బండ్లలో ఆ పేరుగల ప్లగ్గులను మీరు చూచియే యుందురు. యింజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క ప్లగ్గు సెకనునకు 25 మారులు మెఱయును. బోధనునుండి నిజామాబాదునకు నలువది నిమిషములు పట్టినచో ఒక్కొక్క ప్లగ్గు 60,000 మారులు రవ్వను పుట్టించవలెను. అందులో ఎడతెగక కొన్ని తప్పినచో బండి దగ్గును.

ప్లగ్గు ముక్కు నిప్పులలో నుండును. అది సుమారు 500 డిగ్రీలకు తక్కువ వేడియందుండినచో మీద పడిన మసి కాలిపోక పేరుకొనును. మసి విద్యుత్తును ప్రక్కదారి పట్టించును, రవ్వ పుట్టదు. 850 డిగ్రీలు దాటి పోయినచో ముక్కు కణకణలాడి, రవ్వ రాకముందే తానే పెట్రోలును అంటించును. ఆ రెంటి నడుమ నుంచుటయే ప్లగ్గు నెంచుటలోని మర్మమంతయు. చెఱకు మడిలో నీరు నిలిచినప్పుడు మనము మురుగుకాలువ త్రవ్వుదుము గదా! కాలువ పొట్టిదై నేరుగా పోయినచో మడి త్వరగా ఆరును. పొడవై వంకర తిరిగినచో నీరు నిలిచియుండును. ప్లగ్గులో వేడియు అట్లే పోవును. ముక్కు పింగాణి పొట్టిదైన వేడి త్వరగా సిలిండరు తలకు దిగిపోవును. దానిని చల్లని ప్లగ్గందురు. పింగాణి పొడవైన వేడి నిలుచును. అది వేడి ప్లగ్గు. ఎక్కువ వేడెక్కు యింజనునకు చల్లని ప్లగ్గు, నెమ్మదిగా నడచు యింజనునకు వేడి ప్లగ్గు వేయవలెను. ఈ పేర్లు తలక్రిందులుగా తోచుటచే అనేకులు పొరపడుదురు.

అంకెలలో మఱియొక చిక్కున్నది. జపానుకు చెందిన ఎన్‌జికె కంపెనీ లెక్కలో అంకె పెరిగిన కొలది ప్లగ్గు చల్లనిది. బాష్ వారి నేటి లెక్కలో అంకె తగ్గిన కొలది చల్లనిది. అదే బాష్ వారి పాత లెక్కలో 145, 175 అని మూడంకెలుండెడివి. అప్పుడు అంకె పెరిగిన కొలది చల్లనిది. నా కారు పుస్తకములోని 145 యే తరువాత 8 అయినది. దానికి ఎన్‌జికె వారిలో సరిపోవునది బి 5 హెచ్‌ఎస్. నేను వేసిన 8 మూడు మెట్లు చల్లనిది. వేగముగా తిరుగు రెండుఘాతముల మోటారుసైకిలునకు తగినదానిని, చెఱకుబండ్ల వెనుక ప్రాకు కారునకు వేసితిని! చలిలో స్టార్టయినప్పుడు చోకు మూలమున పెట్రోలు అధికముగా పోవును. దానిపై నడకవేగము. మసి కాలుట కవకాశ మెక్కడిది?

“అయితే వేడి ప్లగ్గే వేసుకొనిన చాలును గదా” అని మీ రందురేమో. నేనును ఉస్తాదును అదియే యడిగితిని. ఆయన తన దుకాణమున మేకునకు వ్రేలాడుచున్న ఒక పిస్టనును చూపెను. దాని తల నడుమ రూపాయంత రంధ్రము. ఎవరో వేడి ప్లగ్గులు వేసి, మే మాసమున హైదరాబాదుదారిలో ఆపక తోలిరట. పిస్టను పైకి వచ్చుచుండగానే నిప్పంటుకొని, రెండు బలములు ఒకదాని నొకటి డీకొన్నవి. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. చల్లని ప్లగ్గు బండిని దారిలో నిలుపును. వేడి ప్లగ్గు యింజనును చంపును. రెంటిలో దేనినో ఒకదానిని కోరుకొనుమన్నచో నేను దారిలో నిలుచుటనే కోరుదును. కాని, వెనుకసీటున రోగి యుండగా ఆ మాట అనుట కష్టము.

గాలిచే చల్లబడు యింజనులో ఈ యెంపిక మఱింత నాజూకు. నీటి యింజనులో నీటివేడిని ఒక మూత కాపాడుచు తొంబది డిగ్రీల దరిదాపుల నిలిపియుంచును. గాలి యింజనునకు అట్టి కాపరి యంత సమర్థుడు కాడు. జనవరి మంచులో నొకవిధము, 45 డిగ్రీల మే యెండలో నొకవిధము. నా బీటిలులో ఇంకొక వింత గలదు. ఎడమప్రక్క ముందుండు మూడవ సిలిండరునకు పైన, గాలిదారిలో, ఆయిలును చల్లార్చు పెట్టె యున్నది. ఆయిలును చల్లార్చి వేడెక్కిన గాలియే ఆ సిలిండరునకు చేరును. కనుక అది మిగిలిన మూటికన్న వేడిగా నుండును. ఆ లోప మెఱిగియే, ఆ కంపెనీవారు మూడవ సిలిండరునకు రవ్వను కొంచె మాలస్యముగా నిచ్చు డిస్ట్రిబ్యూటర్లను వాడిరి. 1971 ప్రాంతమున ఆ పెట్టెను దారినుండి తప్పించిరి. ప్లగ్గులు విప్పి చూచునప్పుడు మొదట మూడవదానినే చూడుడు.

ఈ కారు ప్లగ్గు తీగెల చివర, రేకు రంధ్రములను మూయు రబ్బరు బిళ్లలు నాలుగుండును. చాలమంది మిస్త్రీలు వానిని అనవసరమని పారవేయుదురు. అవి లేనిచో పంకా తోసిన గాలి ఆ రంధ్రములనుండి బయటికి పోవును. కాలువకు గండిపడినట్లే. సిలిండరు వేడెక్కును. యజమాని “ప్లగ్గు చల్లనిది వేయుము” అనును. రోగ మొకటి, మందొకటి. నా బండిలో రెండు బిళ్లలు లేవని ఉస్తాదు చెప్పువఱకు ఇరువదిరెండేండ్లలో నేను గమనింపలేదు.

ప్లగ్గు పొడవు విషయమున ఏమాత్రము ఉపేక్ష కూడదు. ఈ యింజనునకు మఱపొడవు 12.7 మిల్లీమీటర్లు, అనగా అర అంగుళము. 19 మిల్లీమీటర్లదియు అదే రంధ్రమున బిగియును, కాని ముక్కు లోనికి పొడుచుకొనివచ్చి పిస్టనునో వాల్వునో తాకవచ్చును. లోపలి మఱకు మసిపట్టి, విప్పునప్పుడు సిలిండరు తలలోని మఱను కూడ ఊడదీయును. ఎన్‌జికె వారి పేరులో హెచ్ అనగా పొట్టి, ఇ అనగా పొడవు. బాష్ వారిలో అంకె వెనుకనుండు ఏ పొట్టి, సి పొడవు. దుకాణమువాడు “ఒకటే” అన్నను నమ్మక, పాత ప్లగ్గు ప్రక్కన నిలబెట్టి కంటితో చూడవలెను.

సిలిండరు తల అల్యూమినియము. వేడిగా నున్నప్పుడు ప్లగ్గును విప్పరాదు. పూర్తిగా చల్లారనిండు. బిగించునప్పుడు పానా పట్టకమునుపు, ప్లగ్గు తోకకు జానెడు రబ్బరుగొట్టము తొడిగి వ్రేళ్లతో త్రిప్పవలెను. మఱ తప్పుగా పట్టినచో గొట్టమే జారును, తల చెడదు. వ్రేళ్లకు బిగిసిన పిమ్మట, క్రొత్త వాషరైనచో పానాతో అరచుట్టు, లేదా దానికి కొంచె మెక్కువ. అంతే. ఆ వాషరును పారవేయరాదు, రెండు వేయరాదు. వేడి దిగిపోవుదారి అదియే. సందును 0.7 మిల్లీమీటరుకు ఫీలరు గేజితో సరిచూడవలెను. పెట్టెలోనుండి తీసినంతమాత్రమున సరిగానుండునని నమ్మరాదు.

కొన్నాళ్లు నడిపినమీదట ప్లగ్గు రంగు చూడవలెను. స్టార్టు చేసి వెంటనే ఆపి చూచిన లాభము లేదు. పది కిలోమీటర్లు మామూలు వేగమున నడిపి, ఆపి, చల్లారినపిమ్మట విప్పవలెను. పింగాణి ముక్కు లేత గోధుమరంగున నుండిన సుఖము. పొడిమసి యైనచో ప్లగ్గు చల్లనిది, లేక పెట్రోలు అధికము. నూనెతడి యైనచో రింగులు అరిగినవి, ప్లగ్గు మార్చినందున ప్రయోజనము లేదు. సున్నమువలె తెల్లబడి పొక్కులెక్కినచో ప్లగ్గు వేడిది, లేక పెట్రోలు తక్కువ, లేక రవ్వ మరీ ముందుగా పడుచున్నది. నాలుగిటిని కలిపి చూడుడు. ఒక్కటే తేడాగా నున్నచో దోష మా సిలిండరులోనిది.

పెట్రోలు మాట వచ్చినది గనుక, మన చెఱకు రైతులు తెలిసికొనదగిన సంగతి యొకటి చెప్పెదను. మొలాసిస్‌నుండి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలుపుట క్రొత్తగాదు. 1948లోనే మన దేశమున దానికై పవర్ ఆల్కహాలు చట్టము చేయబడెను. నేడు చెఱకు, నూకలు, మొక్కజొన్నలనుండి తీసిన ఇథనాలును కలుపుచున్నారు. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు చేరినది. మన పంటకు గిరాకి పెరుగుట సంతోషమే. కాని పాత కార్బురేటరు దీని నెఱుగదు. ఒక పాలు పెట్రోలు కాలుటకు దాదాపు 15 పాళ్ల గాలి కావలయును, ఇథనాలునకు 9 పాళ్లే చాలును. కనుక పాత జెట్టుతో ఈ మిశ్రమము పోసినప్పుడు గాలి మిగిలిపోవును, ఇంధనము చాలదు, ప్లగ్గు తెల్లబడును. అప్పుడు చల్లని ప్లగ్గు వేయుట పొరపాటు. జెట్టును ఒక మెట్టు పెద్దదిగా మార్పించవలెను. పాత రబ్బరుగొట్టములను గూడ మార్పించుట మంచిది. ఇథనాలు వానిని మెత్తబఱచి పగులగొట్టును. యింజను వెనుక వేడిమీద పెట్రోలు కారుట యెంత అపాయమో చెప్పనక్కఱలేదు.

మీ యిండ్లలో బీటిలు కారు లేకపోవచ్చును. పాత బుల్లెట్టు బండి యుండవచ్చును, మూలనున్న స్కూటరుండవచ్చును, పైరుపై మందుకొట్టు యంత్రముండవచ్చును. ఇవి యన్నియు గాలిచే చల్లబడునవే. రెండుఘాతముల యింజనులో ఆయిలు పెట్రోలుతో కలిసి కాలును గనుక ప్లగ్గునకు మసి త్వరగా పట్టును. అందులకు దోషము ప్లగ్గుది కాదు, ఎక్కువ ఆయిలు పోసిన చేతిది. ఏ యింజనుకైనను కంపెనీ పుస్తకములోని అంకెను, కంపెనీ పేరుతో సహా, ఒక కాగితముమీద వ్రాసి బండిలో పెట్టుకొనుడు. వేఱు కంపెనీది కొనవలసివచ్చినచో సరిపోల్చు పట్టికను చూపుమని దుకాణమువానిని అడుగుడు.

రేడియోలో మాటాడుచు ఈ మాట మఱచిన తప్పగును. మీ యింటిముందు మోటారుసైకి లాగి యింజను నడచుచున్నప్పుడు రేడియోలో చిటపటలు వినబడుట మీరెఱుగుదురు. అది ప్లగ్గు రవ్వ చేయు చప్పుడే. మొట్టమొదటి నిస్తంతి వార్తలు అట్టి రవ్వలతోనే పంపబడెను. దానిని అణచుటకై లోపల నిరోధకము గల ప్లగ్గులున్నవి. ఎన్‌జికె వారి పేరులో ఆర్ అను అక్షరము దానికి గుర్తు. వేడికిని దానికిని సంబంధము లేదు.

బావగారు వైద్యశాలనుండి యింటికి వచ్చిన వారమునకు మా యింటికి వచ్చి, కారు నెక్కి కూర్చుండి, “నిజామాబాదు దాకా పోయొద్దాం పా” అనిరి. నేను వలదంటిని. వారు వినలేదు. బి 5 హెచ్‌ఎస్ ప్లగ్గులు, నాలుగు రబ్బరు బిళ్లలు క్రొత్తవి వేసియుంటిని. ఆ దినమున కూడ చెఱకుబండ్లు దారినిండ నున్నవి. జానకంపేటయొద్ద నెమ్మదించినప్పుడు నేను చెవి యింజనుమీదనే ఉంచితిని. బావగారు కిటికీలోనుండి ఒక చెఱకుగడ నడిగి తీసికొని ఒడిలో పెట్టుకొనిరి. బండి ఆగలేదు.

మొన్న ఆ నాలుగు స్థానములలోని ప్లగ్గులను విప్పి చూచితిని. మూడు గోధుమరంగు. మూడవ సిలిండరుది మిగిలినవానికన్న ఇసుమంత తెలుపు. ఆ వేడిమి తెలిసినదే గనుక దానిని మరల తన చోటనే బిగించితిని.